చందా అడిగే ముందు, అడిగాక

వినాయక చవితి దగ్గరపడే కొద్దీ చందాల మీద ఉత్తరాలు పెరుగుతాయి. యువజన సంఘాలు రాసినవి, చందా ఇచ్చేవాళ్లు రాసినవి కలిపి ఈసారి ఎనిమిదింటికి జవాబులు. కొన్ని గొడవలు ఇంకా చల్లారలేదు కాబట్టి పేర్లు, ఊళ్లు తీసేసి జిల్లా మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా సంఘం పెట్టి నాలుగేళ్లయింది, రిజిస్ట్రేషన్ లేదు. గ్రంథాలయం కోసం చందాలు అడుగుతూ అధ్యక్షుడి సొంత ఫోన్ నంబరు క్యూఆర్ కోడ్‌నే ఫ్లెక్సీ మీద వేయించాం. అతను నిజాయతీపరుడు. అయినా కొందరు పెద్దలు తప్పు పడుతున్నారు. ఎందుకు? (కార్యదర్శి, సూర్యాపేట జిల్లా)

పెద్దల మాట సబబే. అతని నిజాయతీని ఎవరూ శంకించనక్కర్లేదు. చిక్కంతా ఖాతాతోనే. అదే ఖాతాలో అతని జీతం పడుతుంది, బండి ఈఎంఐ పోతుంది, మధ్యలో మీ గ్రంథాలయం డబ్బు. ఆర్నెల్లు పోయాక స్టేట్‌మెంట్ తీస్తే ఏ జమ ఎవరిదో అతనికే గుర్తుండదు. ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిందీ అతనే. రేపు జరగరానిది జరిగితే ఆ డబ్బు నామినీకి, వారసులకు పోతుంది, సంఘానికి కాదు.

చాలామంది ఊహించని ఇబ్బంది మరొకటుంది. చందా వేసినవాళ్లలో ఎవరి ఖాతాలోకైనా అంతకుముందు సైబర్ మోసం సొమ్ము వచ్చి ఉంటే, ఆ గొలుసులో కింద ఉన్న ఖాతాలకూ బ్యాంకు హోల్డ్ పెట్టొచ్చు. అప్పుడు మీ చందాతోపాటు అతని జీతమూ ఆగుతుంది.

దారి ఇదీ. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. మెమొరాండం (సంఘం ఆశయాల పత్రం), బైలాస్ (నియమావళి), సభ్యుల గుర్తింపు పత్రాలు, కార్యాలయం చిరునామాకు ఆధారం, అది అద్దె ఇల్లైతే యజమాని అంగీకార పత్రం పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్‌ను కలవాలి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ పని చూసేది రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖే. బైలాస్‌ను పక్క సంఘం నుంచి మక్కికి మక్కి దించకండి. సంఘం మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోకుండా ఇలాంటి మరో సంస్థకు వెళ్లాలన్న షరతు అందులో ఉండాలి, ఆ వాక్యం లేకపోతే తర్వాత పన్ను మినహాయింపు దగ్గర ఇరుక్కుంటారు.

సర్టిఫికెట్ వచ్చాక సంఘం పేరున పాన్, ఆ తర్వాత తీర్మానంతో బ్యాంకు ఖాతా. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం పెట్టినా చెల్లేలా రాయించండి. ముగ్గురూ పెట్టాలంటే ఒకరు ఊరెళ్లిన రోజు పని ఆగుతుంది, ఒక్కరే చాలంటే అసలుకే ఎసరు. క్యూఆర్ కోడ్ ఈ ఖాతాకే తీసుకోండి. స్కాన్ చేయగానే తెర మీద సంఘం పేరు పడాలని ఫ్లెక్సీ మీదే రాయండి. మీ కోడ్ మీద ఎవరో తమ స్టిక్కర్ అంటించి పోయే ప్రమాదం ఉంది కాబట్టి రోజూ పొద్దున ఒకరు రూపాయి వేసి చూడాలి.

ఇదంతా అయ్యేదాకా డబ్బు అడగడం ఆపి పుస్తకాలు తీసుకోండి. వాటికీ రసీదు ఇవ్వండి.

ప్రశ్న: పోయిన చవితికి రసీదుల మొత్తం రూ.1,86,400. కోశాధికారి దగ్గర తేలింది రూ.1,75,000. మిగతాది ఎటుపోయిందో తెలియదు, ఎవరూ తినలేదంటున్నారు. సంఘం రెండుగా చీలేలా ఉంది. (సభ్యుడు, పశ్చిమ గోదావరి జిల్లా)

ఎవరూ తినకుండానే రూ.11,400 తేడా రావచ్చు. దొంగను వెతికే ముందు ఈ నాలుగు చోట్లా చూడండి.

మొదటిది, "రాసుకోండి, రేపిస్తా" అన్నవాళ్లకు ముందే రసీదు రాసేయడం. చందా లెక్కల్లో తేడా ఎక్కువగా పుట్టేది ఇక్కడే. కౌంటర్‌ఫాయిళ్లు ముందేసుకుని, పెద్ద మొత్తాలున్న పది ఇళ్లకు వెళ్లి అడగండి. రెండోది, వసూలు చేసిన జేబులోంచే షామియానా అడ్వాన్సో ఆటో కిరాయో ఇచ్చేసి వోచర్ రాయకపోవడం. షామియానా అతని దగ్గర చిట్టా ఉంటుంది, సరిచూసుకోండి. మూడోది, ఇంట్లో భర్త యూపీఐ చేస్తే ఒకరు, భార్య చేతి మీదుగా అనుకుని మరొకరు రెండు రసీదులు రాయడం. నాలుగోది, తప్పు పోయిన రసీదు చించేసి, కార్బన్ కాపీని పుస్తకంలో అలాగే వదిలేయడం.

ఇవన్నీ చూశాకా తేలనిది తేలలేదనే సర్వసభ్య సమావేశంలో చదివి, మినిట్స్ పుస్తకంలో ఆ అంకెతోనే రాయండి. ఎవరో ఒకరు జేబులోంచి వేసి సర్దేస్తే గొడవ సద్దుమణిగినట్టు కనిపిస్తుంది గానీ, వేసినవాడే తిన్నాడన్న మాట జీవితాంతం వెంటపడుతుంది.

ఇక ఈ ఏడాది పద్ధతి. యాభై రసీదుల పుస్తకాలు, ప్రతి రసీదుకూ కార్బన్ నకలుతో, నంబర్లు ప్రెస్సులోనే వేయించాలి. చేత్తో నంబర్లు వేసుకునే పుస్తకం పనికిరాదు, అదే నంబరుతో ఇంకోటి కొట్లో దొరుకుతుంది. ఏ పుస్తకం ఎవరికిచ్చారో ఒక నోట్‌బుక్‌లో రాయండి: "మూడో పుస్తకం, 101 నుంచి 150, ఫలానా తేదీ, తీసుకున్నవారి సంతకం." తిరిగి ఇచ్చినప్పుడు మళ్లీ సంతకం. పండగ అయ్యాక యాభైలో ఇరవై మూడే వాడి ఉన్నా, మిగిలిన ఇరవై ఏడూ వెనక్కి రావాలి.

ఒక రసీదును దగ్గరగా చూద్దాం. నంబరు 137. తేదీ, ఇచ్చినవారి పేరు, ఇంటి గుర్తు, అంకెల్లో రూ.1,116, అక్షరాల్లో "వెయ్యిన్నూట పదహారు", నగదా యూపీఐయా, దేనికోసం, తీసుకున్నవారి సంతకం. యూపీఐ అయితే లావాదేవీ నంబరులో చివరి ఆరు అంకెలు. మోసం జరిగితే అక్షరాలు రాయని రసీదులోనే జరుగుతుంది, 116 ముందు ఒకటి చేర్చడానికి క్షణం పట్టదు. అసలు రసీదు రాశాక, కార్బన్ తీసి నకలు మీద వేరే అంకె వేయడం ఇంకో పాత విద్య. నకలు మీద కార్బన్ నీలం కాకుండా నేరుగా పెన్ను సిరా కనిపించిందంటే ఆ పుస్తకం పక్కన పెట్టండి. తప్పు పోయిన రసీదును చించొద్దు, అసలూ నకలూ రెండింటి మీదా అడ్డగీత గీసి "రద్దు" అని రాసి పుస్తకంలోనే పిన్ను కొట్టండి.

వసూలుకు ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి, ఒకరు రాస్తే ఒకరు డబ్బు పట్టుకోవాలి. అన్నదమ్ములిద్దర్నీ జోడీగా పంపకండి. రాత్రి ఇంటికి పోయే ముందు నోట్ల వివరం కట్టాలి. ఐదువందలు పద్నాలుగు, రెండువందలు ఆరు, వందలు ఇరవై మూడు, యాభైలు ఎనిమిది, ఇరవైలు ఐదు, పదులు పది: మొత్తం రూ.11,100. యూపీఐ రసీదులు మూడు, రూ.1,500. ఆ రోజు పుస్తకం మొత్తం రూ.12,600 రావాలి. రాకపోతే అప్పుడే వెతకాలి, తెల్లారితే దొరకదు. మర్నాడు బ్యాంకు తెరవగానే వచ్చింది వచ్చినట్టు జమ. ఖర్చులకు బ్యాంకు నుంచే తీయాలి, కోశాధికారి చేతిలో చిల్లర ఖర్చులకు రూ.2,000 మించి ఉంచకండి. వసూలు డబ్బులోంచి నేరుగా పది రూపాయల టీ తాగినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: మా దారిలో కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, యాభై ఇస్తేగానీ ఆటో వదలడం లేదు. మైకులో చందా ఇవ్వనివాళ్ల పేర్లు కూడా చదువుతున్నారు. ఇదేం దైవభక్తి? (ఆటో డ్రైవర్, మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా)

దారికి హక్కున్న మనిషిని కదలకుండా ఆపడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. నెల వరకు సాధారణ జైలు, రూ.5,000 వరకు జరిమానా లేదా రెండూ. భయపెట్టి డబ్బు లాగితే 308వ సెక్షన్, అది బలవంతపు వసూలు. దేవుడి పేరు చెప్పినంత మాత్రాన సెక్షన్ మారదు. 100కు ఫోన్ చేయొచ్చు, 112కూ చేయొచ్చు.

సంఘాల వాళ్లకు ఒక మాట: తాడు పట్టుకున్నది పన్నెండేళ్ల పిల్లాడైనా దాన్ని చేతికిచ్చింది మీరే. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను హుండీతో కూడళ్ల దగ్గరకు పంపకండి. ఇంటికి రెండుసార్లు వెళ్లారు, ఇవ్వలేదు, అయిపోయింది. ఇచ్చినవాళ్ల జాబితా ప్రకటించొచ్చు, అదీ వాళ్లు ఒప్పుకుంటేనే. ఇవ్వనివాళ్ల జాబితా అనేదే ఉండకూడదు, వాట్సాప్ గ్రూపులో కూడా.

ప్రశ్న: వంద రూపాయల కూపన్లు అమ్మి, డ్రా తీసి మొదటి బహుమతిగా స్కూటర్ ఇద్దామనుకుంటున్నాం. లడ్డూ వేలం కూడా పెడతాం. రెండూ సరేనా? (కోశాధికారి, కరీంనగర్ జిల్లా)

వేలం సరే, కూపన్ వద్దు. డబ్బు కట్టించుకుని, అదృష్టం మీద బహుమతి ఇస్తే అది లాటరీ. ప్రభుత్వం నడిపేదో, ప్రభుత్వం అనుమతించిందో కాని లాటరీకి న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద ఆర్నెల్ల వరకు జైలు పడొచ్చు, దాన్ని ప్రచారం చేసినందుకు విడిగా జరిమానా. కూపన్ మీద "ఇది విరాళం మాత్రమే" అని అచ్చేసినా మారేదేం లేదు. స్కూటర్ మోజు తీరకపోతే కబడ్డీ పోటీ పెట్టి గెలిచిన జట్టుకివ్వండి.

లడ్డూ వేలానికి తెలుగునాట బాలాపూర్ పేరే ముందొస్తుంది. 1994లో రూ.450తో మొదలైంది, 2024లో రూ.30.01 లక్షలు పలికింది. ఆ మాట విని మిగతా ఊళ్లూ అంకెల మోజులో పడ్డాయి. పాట పాడినవాడు మర్నాడు ముఖం చాటేస్తే ఏం చేస్తారు? వేలానికి ముందే ధరావత్తు కట్టించుకోండి, పోయినేడు పలికిన ధరలో పదో వంతు చాలు. ఓడినవాళ్లకు అక్కడికక్కడే తిరిగిచ్చేయాలి. గెలిచినవాళ్లు పదిహేను రోజుల్లో మిగతాది కట్టాలని రాసి, పాట కాగితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. డబ్బు చేతికొచ్చేదాకా దాన్ని ఆదాయంలో చూపొద్దు.

ముఖ్యమైన సంగతి మరోటి. ఒకే మనిషి నుంచి ఒకే వ్యవహారానికి రూ.2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు. లడ్డూ రూ.3 లక్షలు పలికి, మూడు వాయిదాల్లో లక్ష చొప్పున నగదు తీసుకున్నా అది ఒకే వ్యవహారం. తీసుకున్నంత మొత్తం జరిమానా వేయొచ్చు, అదీ ఇచ్చినవాడికి కాదు, తీసుకున్న మీకు.

ప్రశ్న: మా ఊరి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. బడికి బెంచీలు చేయించమని రూ.4 లక్షలు పంపుతానంటున్నాడు. సంఘం ఖాతాకు వేయించుకోవచ్చా? (సంఘం అధ్యక్షుడు, గుంటూరు జిల్లా)

ముందు ఒక్కటే అడగండి: పాస్‌పోర్టు ఏ దేశానిది? భారత పాస్‌పోర్టే ఉంటే, అక్కడ ఎన్నేళ్లున్నా, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు, బ్యాంకు వివరం ఫైల్లో పెట్టుకుని రసీదు ఇవ్వండి.

అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే కథ వేరు. భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా చట్టం దృష్టిలో అతను విదేశీయుడే. విదేశీ విరాళాల చట్టం 2010 కింద, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా పైసా తీసుకోకూడదు. సంక్రాంతికి ఊరొచ్చి, మీ అరుగు మీద కూర్చుని రూపాయల నోట్లే ఇచ్చినా అది విదేశీ విరాళమే. చాలా సంఘాలు బోల్తా పడేది ఇక్కడే. అక్కడి తెలుగు సంఘం పేరున వచ్చే డబ్బుకూ ఇదే వర్తిస్తుంది, ఆ సంఘంలో అందరూ మనవాళ్లే అయినా సరే.

రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద రూ.15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. డబ్బు వచ్చేది కూడా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే. ఊరి సంఘానికి ఇది తలకు మించిన పని.

"రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ తీసుకుని మాకిస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. 2020 సవరణ తర్వాత అలా ఒక సంస్థ నుంచి మరో సంస్థకు విదేశీ విరాళం బదిలీ చేయడం కుదరదు. అతని తల్లిదండ్రుల ఖాతాకు వేయించి అక్కడి నుంచి తెచ్చుకోవడం దొడ్డిదారి, దాని జోలికి పోకండి. సక్రమమైన మార్గం, ఆ రిజిస్టర్డ్ సంస్థే స్వయంగా బెంచీలు కొని బడికి ఇవ్వడం. మీరు కొలతలు తీసి, వడ్రంగి పనిని చూసుకోండి, డబ్బు మీ ఖాతాలోకి రానక్కర్లేదు. బెంచీలు దిగిన రోజే ప్రధానోపాధ్యాయులతో బడి స్టాకు రిజిస్టరులో రాయించి, ఆ పేజీ నకలు దాతకు పంపించండి.

ప్రశ్న: ఆరేళ్ల పాపకు గుండె ఆపరేషన్. రూ.6 లక్షలు కావాలని ఫొటోతో వాట్సాప్‌లో పెట్టాం, మూడు రోజుల్లో రూ.7.3 లక్షలు వచ్చింది. ఇంకా వస్తూనే ఉంది. ఇప్పుడేం చేయాలి? (సభ్యురాలు, ఖమ్మం జిల్లా)

ముందు ఆపండి. "చాలినంత వచ్చింది, ఇక పంపొద్దు" అని, మొదట పెట్టిన ప్రతి గ్రూపులోనూ తేదీతో పెట్టండి, క్యూఆర్ తీసేయించండి. పాత సందేశం ఆర్నెల్ల తర్వాత కూడా ఎక్కడో తిరుగుతూ ఉంటుంది, తేదీ లేని విన్నపం ఎప్పుడూ పెట్టకూడదన్నది అందుకే.

రెండోది, ఆ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందేమో ఆసుపత్రిలోనే పథకం డెస్కులో కనుక్కోండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల దాకా పరిమితి ఉంది. పిల్లల గుండె ఆపరేషన్లు చాలావరకు పథకంలో ఉంటాయి. అసలు ఇది చందా అడగడానికి ముందు చేయాల్సిన పని. పథకం వర్తిస్తే దాతలకు ఆ విషయం చెప్పక తప్పదు.

డబ్బు కుటుంబం చేతికి కాకుండా ఆసుపత్రిలో చేరినప్పుడు పాపకిచ్చిన ఐపీ నంబరు మీద నేరుగా ఆసుపత్రి ఖాతాకు కట్టండి. అసలు బిల్లులు తల్లిదండ్రుల దగ్గరే ఉండాలి, ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకుంటే అవే అడుగుతారు. మీకు నకళ్లు చాలు. అయితే అదే బిల్లుకు చందా డబ్బూ, సహాయనిధీ రెండూ వచ్చాయంటే, ఆ రెండో మొత్తం సంగతీ మీ లెక్కలో కనిపించాలి.

మిగిలిన రూ.1.3 లక్షలను ఎవరికి తోచినట్టు వాళ్లు మళ్లించకూడదు. డిశ్చార్జి తర్వాత మందులు, చెకప్పులకు ఎంతవుతుందో డాక్టరును అడిగి అంత పక్కన పెట్టి, మిగతాదానికి దాతలకు రెండు దారులు చూపండి: తిరిగి తీసుకోవడం, లేదా మరో పాప వైద్యానికి ఒప్పుకోవడం. యూపీఐ జమలు కాబట్టి ఎవరికి ఎంతన్నది తెలుస్తుంది. పదిహేను రోజుల గడువిచ్చి, జవాబు రానివారి మొత్తం రెండో దారికి పోతుందని ముందే చెప్పండి. మండపానికో డీజేకో మాత్రం కాదు.

ఫొటో సంగతి. ట్యూబులతో పడుకున్న పాప ముఖం పెడితే చందా ఎక్కువ వస్తుంది, నిజమే. ఆ పాపకు పదహారేళ్లు వచ్చాక కూడా ఆ ఫొటో ఊళ్లో ఫోన్లలో ఉంటుంది. తల్లిదండ్రుల రాతపూర్వక ఒప్పుదల లేకుండా పెట్టకండి, ఒప్పుకున్నా ముఖం కనిపించకుండా, ఆసుపత్రి అంచనా పత్రాన్ని పెట్టడం మేలు. దాత నమ్మాల్సింది ఆ కాగితాన్ని.

ప్రశ్న: కబడ్డీ టోర్నీకి ఒక బెట్టింగ్ యాప్ వాళ్లు జెర్సీలు ఇస్తామంటున్నారు. సర్పంచ్‌గా నిలబడబోయే ఆయన క్రికెట్ కిట్లు ఇస్తానంటున్నారు. ఏది తీసుకోవచ్చు? (జట్టు కెప్టెన్, మహబూబ్‌నగర్ జిల్లా)

రెండూ వద్దు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2017 నుంచే నిషేధం ఉంది. 2025 కేంద్ర చట్టం ప్రకటనలను కూడా నేరం చేసింది, రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా. ఆ జెర్సీ వేసుకున్న ఛాతీయే ప్రకటన. ఇక ఓటు కోసం ఇచ్చే కిట్టు లంచం. న్యాయ సంహిత 170వ సెక్షన్ ఇచ్చినవాడినీ పుచ్చుకున్నవాడినీ ఒకే గాటన కడుతుంది. ఎన్నికలు అయిపోయాక, గెలిచినా ఓడినా, రసీదు తీసుకుని ఇస్తానంటే అప్పుడు చూడొచ్చు. సిగరెట్, గుట్కా కంపెనీల స్పాన్సర్‌షిప్ 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం కిందే కుదరదు. ఊళ్లో ఎరువుల దుకాణం, టిఫిన్ సెంటర్, ట్రాక్టర్ షోరూం ఉండనే ఉన్నాయి. వాళ్ల బోర్డు సైజు ఎంత, ఎన్ని రోజులు ఉంటుంది అన్నవి మాత్రం కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: చందా తెచ్చినవాళ్లకు ఇరవై శాతం ఇవ్వమని ఒకతను అడుగుతున్నాడు. రసీదు మీద 80జీ అని వేస్తే ఇంకా ఎక్కువ వస్తుందంటున్నాడు. (కార్యదర్శి, అనంతపురం జిల్లా)

దాత వంద ఇస్తే ఎనభై మాత్రమే పనికి పోతుందని అతను ఇంటింటా చెప్పగలడా? చెప్పలేడు, అందుకే శాతాలు వద్దు. పెట్రోలు, ఫోను ఖర్చులు బిల్లు చూసి ఇవ్వండి. ఇక 80జీ అన్నది దాతకు పన్ను మినహాయింపు దక్కేలా ఆదాయపు పన్ను శాఖ సంఘానికి ఇచ్చే అనుమతి, ప్రెస్సులో వేయించుకునే అక్షరాలు కావు. అనుమతి లేకుండా వేస్తే దాత మినహాయింపు అడిగిన రోజునే బయటపడుతుంది. అనుమతి ఉన్నా రూ.2,000 మించిన నగదుకు మినహాయింపు రాదు. ఏటా మే 31లోగా సంఘం దాతల వివరాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేసి, అక్కడి నుంచి వచ్చే సర్టిఫికెట్‌నే దాతకు ఇవ్వాలి. 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి కొత్త రసీదు పుస్తకం అచ్చుకిచ్చే ముందు ఆడిటరుకు ఒకసారి చూపించండి. పాత పుస్తకాలు మిగిలుంటే వాటి మీద ఆ గీత కొట్టేసి సంతకం పెట్టండి.